గోళ్ల రంగు నాలుగు రోజులు నిలవాలంటే

ఈసారి గోళ్ల రంగు మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అటు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచీ ఇటు సిరోంచ, బల్లార్షా, కిన్వట్ నుంచీ. ఊళ్లు వేరైనా చాలామంది అడిగింది ఒకటే: ఇంట్లో వేసుకున్న రంగు రెండో రోజుకే ఎందుకు పెచ్చులూడుతోంది? మొదటి జవాబు కాస్త పొడుగ్గా ఇచ్చాం. మిగతావాళ్లు కూడా ముందు అది చదివి, ఆ తర్వాత తమ ప్రశ్న దగ్గరికి వస్తే మేలు.

ప్రశ్న: శనివారం సాయంత్రం రంగు వేసుకుంటే సోమవారం పొద్దున్నకల్లా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అంచుల్లో పెచ్చులు లేస్తున్నాయి. పార్లరులో చేసినట్టే గోరువెచ్చటి నీళ్లలో చేతులు నానబెట్టి, కొబ్బరినూనెతో మర్దన చేసి, తుడుచుకునే వేస్తున్నాను. ఖరీదైన సీసా కొన్నా అంతే. తప్పెక్కడ జరుగుతోంది?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: తప్పు సీసాలో లేదండీ, ఆ నీళ్ల గిన్నెలో ఉంది. గోరు కెరాటిన్ అనే ప్రొటీన్‌తో పొర మీద పొరగా తయారవుతుంది. చూడ్డానికి గట్టిగా ఉన్నా నీళ్లను బాగా పీలుస్తుంది. పది నిమిషాలు నానితే ఉబ్బుతుంది, వంపు తగ్గి కాస్త చదునవుతుంది. మీరు వేస్తున్నది ఆ ఉబ్బిన గోటి మీద. గంటా రెండు గంటల్లో గోరు ఆరి మళ్లీ తన వంపుకి వచ్చేస్తుంది కానీ, పైన ఎండిన రంగు పొర దానితో పాటు అంతగా ముడుచుకోలేదు. అంచు దగ్గర పట్టు వదిలేది అందుకే. దానికి తోడు కొబ్బరినూనె. ఎంత తుడిచినా పలచటి జిడ్డు మిగిలే ఉంటుంది. జిడ్డు మీద రంగు పరుచుకుంటుంది గానీ పట్టుకోదు. మరి పార్లరులో నానబెట్టడం లేదా అంటారేమో. నానబెట్టినా, రంగు వేసేముందు ప్రతి గోరునీ రిమూవరుతో తుడుస్తారు. ఇంట్లో ఆ ఒక్క పనే జారిపోతుంది. నీళ్ల గిన్నె పూర్తిగా మానేసిన పార్లర్లు కూడా ఇప్పుడు ఉన్నాయి.

కాబట్టి పనిని రెండు రోజులకు పంచుకోండి. ముందు రోజు స్నానం అయ్యాక, చర్మం మెత్తగా ఉన్నప్పుడే గోటి మొదట్లో ఉన్న చర్మాన్ని తువ్వాలు అంచుతో మెల్లగా వెనక్కి నెట్టండి. కత్తిరించొద్దు. గోరు పుట్టే చోటికి క్రిములు పోకుండా అడ్డుగా ఉన్నది ఆ చర్మమే. నూనె రాసుకోవాలనుంటే అదీ ఆ రాత్రే కానివ్వండి.

మర్నాడు అంట్లు, బట్టలు అన్నీ అయిపోయాక కనీసం గంట ఆగి కూర్చోండి. గోరు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే ఫైలర్ పట్టాలి. పక్క నుంచి మధ్యకు, ఒకే దిశలో. ముందుకీ వెనక్కీ రాపాడిస్తే అంచులో పొరలు విడిపోతాయి, రంగు కింద ఆ చీలికలోంచే నీళ్లు దూరతాయి. ఫైలర్ మీద ఉండే గరుకు అంకె 180 కంటే తక్కువ వద్దు. 240 గానీ, గాజు ఫైలర్ గానీ అయితే ఇంకా మంచిది. అంచు చదునుగా, మూలలు మాత్రం కాస్త గుండ్రంగా ఉంచండి. వేలికొన దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు మించకపోతే పని చేసుకునే చేతికి హాయి. పొడవు పెరిగిన కొద్దీ గోరు వంగుతుంది, వంగినచోట రంగు పగులుతుంది.

తర్వాత అసలు పని. అసిటోన్ రిమూవర్ గానీ, మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ పాత నూలు గుడ్డ ముక్క మీద పోసుకుని ప్రతి గోరునీ, పక్కలనీ, కొన అడుగునీ తుడవండి. దూది అయితే పోగులు వదులుతుంది. నూనె కలిపిన రిమూవర్లు ఈ పనికి రావు, ఎందుకంటే అవి తీసిన జిడ్డు బదులు తమ జిడ్డు పెట్టిపోతాయి. తుడిచాక జడ సర్దుకోవడం, మొహం మీద చెయ్యి వేయడం కుదరదు. ఫోను అసలే వద్దు.

బేస్ కోట్ మానేసి డబ్బు మిగిల్చుకుందామని చాలామందికి ఉంటుంది. అది గోటికీ రంగుకీ మధ్య పట్టు కోసం చేసిన పూత. రంగు సీసాలో మెరుపుకీ వర్ణానికీ చోటు ఎక్కువ, గోటిని అంటిపెట్టుకునే జిగురుకి తక్కువ. రెండు సీసాలకే డబ్బుంటే చవక రంగు, మంచి బేస్ కోట్ కొనండి. ఖరీదైన రంగు ఒక్కటే కొనడం దండగ. బేస్ ఒక పలచటి పూత చాలు, రెండు నిమిషాలు ఆరనివ్వండి.

రంగు సీసాను ఊపకండి. రెండు అరచేతుల మధ్య పెట్టి అర నిమిషం దొర్లించండి. ఊపితే గాలి చేరి పూతలో బుడగలు తేలతాయి. బ్రష్ ఒక వైపు రంగుని సీసా మూతికి తుడిచేసి, మిగిలిన చుక్కని గోటి మొదలుకు కొంచెం ముందు ఆనించి, చర్మం వైపు మెల్లగా నెట్టి, వెంట్రుక మందం చోటు వదిలేసి కొన వరకు లాగండి. మధ్యలో ఒకటి, ఎడమ ఒకటి, కుడి ఒకటి. మూడు గీతల్లో గోరు అయిపోవాలి. చర్మం మీదకు పాకిన రంగు ఎండాక చర్మంతో పాటు కదిలి, గోటి మీదున్న దాన్ని కూడా లేపుకుపోతుంది. వెంటనే రిమూవరులో ముంచిన పుల్లతో తుడిచేయండి. చివర్లో బ్రష్ కొసతో గోటి అంచు మందం మీద అడ్డంగా ఒకసారి రాయండి. ఈ అంచు పూత బేస్‌కి, రంగుకి, చివర రంగు మీద వేసే మెరుపు పూత టాప్ కోట్‌కి, మూడింటికీ కావాలి. మీ రంగు లేస్తున్నది అంచు నుంచే కాబట్టి ఈ కాలమ్‌లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి.

మొదటి పూత పారదర్శకంగా, చారలు చారలుగా ఉంటుంది. ఉండనివ్వండి. అది చూసి కంగారుపడి రెండోసారి మందంగా వేసేవాళ్లే ఎక్కువ. మందం పూతకి పైన చర్మంలా పొర కట్టి, లోపల ద్రావకం చిక్కుకుపోతుంది. ముట్టుకుంటే ఎండినట్టే ఉంటుంది, దుప్పటి తగిలితే అచ్చు పడుతుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగి రెండో పలచటి పూత, లేత రంగయితే మూడోది కూడా. ఇంకో అయిదు నిమిషాలకు టాప్ కోట్, బ్రష్ నొక్కకుండా. ఫ్యాను ఆపేయండి, లేదా అన్నిటికన్నా తక్కువలో పెట్టండి. గాలి దెబ్బకి పైపొర ముందు ఎండి అడుగు మెత్తగా మిగులుతుంది.

పదిహేను ఇరవై నిమిషాలకు ముట్టుకోవచ్చు. కానీ పూర్తిగా గట్టిపడటానికి చాలా గంటలు పడుతుంది. కాబట్టి రెండు గంటల వరకు బరువు పనులు, ఆ పూటంతా వేడినీళ్లు వద్దు. రాత్రి పడుకునేముందు వేసుకోవడమంత తప్పు మరొకటి లేదు. మీ శనివారం సాయంత్రాన్ని శనివారం మధ్యాహ్నం చేసుకోండి.

కుడిచేతికే ముందు పోవడానికి రెండు కారణాలు. ఆ చేత్తోనే వెల్లుల్లి పొట్టు తీస్తాం, డబ్బా మూతలు లేపుతాం, చింతపండు గింజలు తీస్తాం. పైగా ఎడమచేత్తో వేసిన పూత మందంగా, వంకరగా పడుతుంది. అందుకే ముందు కుడిచేతి గోళ్లే వేసుకోండి, అప్పటికి ఓపిక ఉంటుంది. ఎడమచేతిని బల్లకు ఆనించి బ్రష్‌ని కదపకుండా పట్టుకుని, రంగు వేసే వేలినే అటూ ఇటూ దొర్లించండి.

రెండో రోజో మూడో రోజో టాప్ కోట్ ఒక్కటే మళ్లీ వేయండి, అంచు మరవకుండా. అంట్లకు రబ్బరు గ్లవుజులు. మీ వైపు ఎండాకాలం పఖాళ, అంటే నీళ్లలో నానిన అన్నం తింటారు కదా, ఆ కాసేపు వేళ్లు తడిస్తే నష్టమేం లేదు. అరగంట సేపు వేడినీళ్లు, సబ్బు, స్టీలు పీచుతోనే వస్తుంది తంటా. శానిటైజర్ పదేపదే రాసుకున్నా టాప్ కోట్ మెరుపు పోయి మెత్తబడుతుంది. ఇంత చేసినా, ఇంటి పనంతా చేసుకునే చేతికి మామూలు పాలిష్ అయిదు నుంచి ఏడు రోజులు నిలిస్తే అది చక్కటి పనితనమే. సీసా మీద రెండు వారాలని రాసి ఉంటే నమ్మకండి.

ప్రశ్న: నా గోళ్లు కొసల్లో పొరలు పొరలుగా విడిపోతాయి. ఇంట్లో జీడిపప్పు పొట్టు తీసే పని ఉంది, అప్పుడప్పుడు చేతులకు ఆముదం రాసుకుంటాం. రంగు వేస్తే పొరతో సహా ఊడొస్తోంది. గోళ్లు గట్టిపడే పాలిష్ కొనమంటారా?
— ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: మీ ఊళ్లో కొమ్ము పనివాళ్లను గమనించి ఉంటారు. కొమ్ము కూడా గోరులాగే కెరాటిన్. తడిపి ఎండబెట్టి, మళ్లీ తడిపి ఎండబెడుతూ పోతే ఎంత నునుపు పట్టించిన కొమ్మయినా పొరలు విచ్చుకుంటుంది. మీ గోటికి రోజూ జరుగుతున్నదదే. పొరలు విడిపోవడానికి ఎక్కువసార్లు కారణం నీళ్లూ సబ్బూ, వాటి తర్వాత పూర్తిగా ఎండిపోవడం, మళ్లీ నీళ్లు. కాల్షియం లోపమని మందులు మింగడం మొదలుపెట్టకండి, గోటి గట్టిదనానికి కాల్షియంతో పెద్ద సంబంధం లేదు.

గట్టిపరిచే పాలిష్ వద్దు. వాటిలో కొన్నింట్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. మొదట్లో గోరు గట్టిగా అనిపించినా, వాడుతూ పోతే బిరుసై పెళుసుగా విరుగుతుంది. మీకు కావాల్సింది గట్టిదనం కాదు, వంగినా విరగని గుణం. పొర లేచిన అంచుని పీకకండి. అది ఎంతవరకు లేచిందో అంతవరకు గోరు కత్తిరించి, 240 ఫైలరుతో అంచు నునుపు చేయండి. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి రెండు నెలలు పొట్టిగా ఉంచితే విడిపోయిన భాగం దాటిపోతుంది. రాత్రి చేతులు కడుక్కున్నాక, తడి పూర్తిగా ఆరకముందే గోళ్లకు నూనె గానీ వ్యాజలిన్ గానీ. అంట్లు కడిగేటప్పుడు గ్లవుజులు. చెమట పడితే లోపల పలచటి నూలు గ్లవుజులు కూడా.

రంగు వేసే రోజున ఆముదం ముట్టొద్దు. ఆముదం చిక్కన, ఒక్క తుడుపుతో పోదు. ముందు సబ్బుతో కడిగి, గంట ఆరబెట్టి, రిమూవరుతో రెండుసార్లు తుడవండి. ఇంకో మాట: రంగు ఉంది కదా అని జీడిపిక్కల దగ్గర ఆముదం మానేయకండి. పిక్క డొల్లలోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది, పాలిష్ దానికి అడ్డం కాదు.

ప్రశ్న: అన్నీ సరిగ్గానే చేస్తాను. రాత్రి పడుకునేదాకా గాజులా ఉన్న రంగు పొద్దున లేచేసరికి బంకబంకగా అయి, వేలిముద్రలు పడుతున్నాయి. రంగు వేసి రెండు రోజులైనా ఇదే వరస.
— ఒక టీచరు, మల్కన్‌గిరి

జవాబు: రంగు ఆరకపోవడం కాదిది, ఎండిన రంగు మళ్లీ కరగడం. రాత్రి చేతులకు దోమల క్రీము రాసుకుంటున్నారా? ఆ ట్యూబు మీద డైఇథైల్ టోలుఅమైడ్ అనే పేరు ఉందేమో చూడండి. క్లుప్తంగా డీట్ అంటారు. దోమల్ని తరమడంలో దానికి మంచి పేరుంది గానీ ప్లాస్టిక్‌నీ, పాలిష్‌నీ మెత్తబరుస్తుంది. వాచీ పట్టీలు, కళ్లజోడు ఫ్రేములు కూడా పాడవుతాయి.

మలేరియా ఉన్న జిల్లాలో క్రీము మానమని మేం చెప్పం, మానకండి. రాసుకునే పద్ధతి మార్చుకుంటే చాలు. క్రీముని మోచేతి మీద పిండుకుని, రెండో చేతి మణికట్టుతో పులుముకోండి. వేళ్లతోనే రాయాల్సి వస్తే వెంటనే వేళ్లను సబ్బుతో కడిగేయండి. అరచేతుల్లో పోసుకుని రుద్దే స్ప్రేలతోనూ ఇంతే జాగ్రత్త. ఇప్పటికే బంకగా అయిన పూతని టాప్ కోట్‌తో కప్పిపెట్టలేరు, తీసేసి మళ్లీ వేయాల్సిందే.

ప్రశ్న: ఎండాకాలం వస్తే సీసాలో రంగు పాకంలా సాగుతోంది, వేస్తే బుడగలు. రిమూవర్ కలిపితే రెండు రోజులు బాగుండి ఆ తర్వాత మరీ పాడైంది. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, వద్దని ఒకరు.
— ఒక కాలేజీ విద్యార్థిని, సిరోంచ

జవాబు: సీసాలో ఉన్నది నైట్రోసెల్యులోజ్‌ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించిన ద్రవం. ఆ ద్రావకాలు ఎగిరిపోతే మిగిలిన పొరే గోటి మీది రంగు. మూత సరిగా పడకపోతే అవి సీసాలోంచే ఎగిరిపోతాయి. కాబట్టి పోయినవాటినే తిరిగి పోయాలి. పాలిష్ థిన్నర్ పేరుతో అమ్మే దాంట్లో ఉండేవి అవే. రెండు మూడు చుక్కలు వేసి, అరచేతుల్లో దొర్లించి, అయిదు నిమిషాలు ఆగి చూడండి. చాలకపోతే ఇంకో చుక్క. రిమూవర్ సంగతి వేరు. అసిటోన్ వాటికన్నా తొందరగా ఎగిరిపోతుంది, పైగా రిమూవర్లలో తరచూ నీళ్లు, నూనె కలిసి ఉంటాయి. సీసాలోకి ఒకసారి నీళ్లు పోయాయంటే ఆ రంగు మళ్లీ గోటికి సరిగా పట్టదు, మీ సీసా ఆశ వదులుకోండి.

వాడిన ప్రతిసారీ సీసా మెడ మీది రంగుని రిమూవర్ గుడ్డతో తుడిచి మూత బిగించండి. మెడ మీద గట్టిపడ్డ రంగే మూత కింద సందు చేస్తుంది. ఫ్రిజ్ తప్పు కాదు, కానీ చల్లటి సీసా తీసి వెంటనే వేయడం తప్పు. చల్లబడితే రంగు చిక్కబడుతుంది, సీసా బయట చెమ్మ కూడా పడుతుంది. గంట ముందు తీసి బయట పెట్టండి. లేకపోతే నిలువుగా, చీకటి అరలో ఉంచినా సరిపోతుంది. కిటికీ గట్టు మాత్రం వద్దు.

బుడగలకు ఊపడం ఒక కారణం, మందం పూత మరొకటి. మీ ప్రాంతపు మే నెల మూడోది. 45 డిగ్రీల మధ్యాహ్నం బ్రష్ గోటి చివరకు చేరేలోపే రంగు బిగుసుకుపోతుంది. తెల్లవారే వేసుకోండి. వంటింట్లో, దీపం దగ్గర మాత్రం ఎప్పుడూ వద్దు. ఈ ద్రావకాల ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారున పాకి మంట అందుకుంటుంది. నైట్రోసెల్యులోజ్ కూడా తొందరగా అంటుకునేదే.

ప్రశ్న: మా అత్తగారింట్లో పట్టు మగ్గం ఉంది. పడుగు అతికేటప్పుడు లేచిన రంగు అంచుకి పోగులు తగులుకుని తెగుతున్నాయి. మొత్తం తీసి మళ్లీ వేసే తీరిక ఉండదు. ఊడినచోట మాత్రం అతుకు వేయొచ్చా?
— ఒక నేత కుటుంబపు కోడలు, బరంపురం

జవాబు: వేయొచ్చండీ. ఊడిన చోట గట్టులా ఉన్న అంచుని 240 ఫైలరుతో రెండు మూడుసార్లు మెల్లగా తాకించి పల్లం చేయండి, వేలితో తడిమితే గట్టు తెలియకూడదు. రిమూవరులో కొంచెం తడిపిన పుల్లతో ఆ గట్టుని మెత్తబరిచి సర్దినా సరే. జిడ్డు తుడిచి, గుంట పడినచోట మాత్రం బ్రష్ కొసతో పలచగా రంగు. అయిదు నిమిషాలయ్యాక గోరంతటికీ ఒక పలచటి పూత, ఆపైన టాప్ కోట్, అంచుతో సహా. అన్నీ కలిపి పావుగంట పని. గోరులో మూడో వంతు ఊడిందా, అతుకు వద్దు, తీసేయడమే నయం.

కానీ మీ విషయంలో మా సలహా వేరే. పోగుని మెలిపెట్టే బొటనవేలికీ చూపుడువేలికీ రంగు వేయకండి. గంటల తరబడి రాపిడి పడే ఆ రెండు గోళ్ల మీద ఏ పూతా నిలవదు, పైగా తెగే ప్రతి పోగూ మీకే నష్టం. వాటిని పొట్టిగా, నునుపుగా ఉంచుకుని మిగిలిన మూడు వేళ్లకు వేసుకోండి. రెండు చేతులకూ ఒకేలా ఉంటే అదే ఒక తీరుగా కనిపిస్తుంది.

ప్రశ్న: జూన్‌లో రజ పండక్కి మా అమ్మాయి చేతులకు గోరింటాకు, గోళ్లకు రంగు, కాళ్లకు పారాణి అన్నీ కావాలంటుంది. ఏది ముందు పెట్టాలి? పోయినసారి గోరింటాకు తర్వాత వేసిన రంగు మర్నాడే రేకులా ఊడింది.
— ఒక తల్లి, రాయగడ

జవాబు: గోరింటాకు ముందు, గోళ్ల రంగు తర్వాత. రెండింటికీ మధ్య ఒక రోజన్నా ఉండాలి. గోరింటాకు రాల్చేశాక ఎరుపు బాగా రావాలని ఆవనూనె గానీ లవంగనూనె గానీ రాస్తారు, మొదటి రోజు నీళ్లు తగలనివ్వరు. అంటే ఆ జిడ్డు గోళ్ల మీద ఒక రాత్రంతా ఉంటుంది. మీ రంగు ఊడింది దానివల్లే. పండగ మొదటి రోజుకి రెండు రోజుల ముందు గోరింటాకు పెట్టండి. పండగకు ముందు రోజు, అంటే సజబజ రోజు పొద్దున చేతులు కడిగి, గంట తర్వాత రిమూవరుతో గోళ్లు మాత్రమే తుడిచి రంగు వేయండి. పక్క చర్మానికి రిమూవర్ తగిలితే ఎరుపు పాలిపోతుంది కాబట్టి గుడ్డ చిన్నదిగా మడుచుకోండి. గోళ్లకు గోరింటాకు రంగు అంటకూడదనుకుంటే ముందే వాటికి ఒక బేస్ కోట్ వేసి, తర్వాత తీసేయడమే. గోరింటాకు గోటికి పట్టిందంటే రుద్దితే పోదు, పెరిగి పోవాల్సిందే.

కాళ్లకు తిరగేసి చేయండి. ముందు గోళ్ల రంగు, అది బాగా ఆరాక పారాణి. రంగు మీద పడిన పారాణి తడిగుడ్డతో పోతుంది. జూన్ చెమ్మలో పూతకీ పూతకీ మధ్య అయిదు నిమిషాలు సరిపోకపోవచ్చు, ఎనిమిది పది ఆగండి. ఆ మూడు రోజులూ ఆడపిల్లలకు ఇంటి పని చెప్పరు కదా, రంగు నిలవడానికి అంతకన్నా మంచి రోజులు ఉండవు. ఉయ్యాల తాళ్ల దగ్గర మాత్రం చూసుకోవాలి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దీపంతో సహా జెల్ పాలిష్ కిట్ తెప్పించుకున్నాను. మూడోసారి వేసుకున్నప్పటి నుంచి గోళ్ల చుట్టూ దురద, ఎర్రటి పొక్కులు. వాడటం ఆపాలా, పలచగా వేస్తే చాలా?
— ఒక ఉద్యోగిని, కిన్వట్

జవాబు: ఆపేయండి, ఈ రోజే. జెల్ గాలికి ఆరదు. అక్రిలేట్ అణువులు అతినీలలోహిత కాంతి తగిలి ఒకదానికొకటి గొలుసు కడితేనే గట్టిపడుతుంది. దీపం బలం చాలకపోయినా, దీపం ఒక కంపెనీది జెల్ ఇంకో కంపెనీది అయినా, పూత మందంగా ఉన్నా, పైన గట్టిగా కనిపిస్తూ అడుగున కొంత గట్టిపడకుండా మిగులుతుంది. అది చర్మానికి తగులుతుంటే అలర్జీ వస్తుంది. హెచ్ఈఎంఏ అనే అక్రిలేట్‌తో ఇది ఎక్కువ. యూరప్‌లో అది ఉన్న గోళ్ల ఉత్పత్తులను వృత్తి నిపుణులు మాత్రమే వాడాలని లేబుల్ వేయిస్తున్నారు.

ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్ల డాక్టర్లు నింపే సిమెంటులోనూ, కొన్ని వైద్య పరికరాల అంటుపట్టీల్లోనూ అక్రిలేట్లు ఉంటాయి కాబట్టి ఇది గోళ్లతో పోయే సంగతి కాదు. చర్మ వైద్యులను కలవండి, కిట్ పెట్టె కూడా తీసుకెళ్లి చూపించండి. ఇప్పుడున్న జెల్‌ని పీకొద్దు, గోటి పైపొర కూడా వచ్చేస్తుంది. పొక్కులున్న చర్మం మీద అసిటోన్ మండుతుంది గనక తీయించే పని కూడా డాక్టరుకు చూపించాకే.

దురద లేనివాళ్లు జెల్ తీసేటప్పుడు పైమెరుపుని ఫైలరుతో గరుకు చేసి, అసిటోన్‌లో తడిపిన దూది గోటి మీద పెట్టి, రేకు కాగితం చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. ఉబ్బిన జెల్‌ని చెక్కపుల్లతో నెడితే వస్తుంది. రాకపోతే మళ్లీ చుట్టడమే, గీరడం కాదు.

ప్రశ్న: లేత గులాబీ రంగు వేస్తే రెండు పూటల వంటకే పసుపు పచ్చగా అవుతోంది. రంగు తీస్తే కింద గోళ్లూ పచ్చగానే ఉన్నాయి. నిమ్మచెక్క రుద్దుతున్నాను.
— ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ఇవి రెండు వేర్వేరు పచ్చలు. పైది వంట పసుపు. నూనెలో కరిగిన పసుపు టాప్ కోట్‌లోకి ఇంకుతుంది. ఎండ తగిలితే కొంత వెలుస్తుంది, రెండు రోజులకోసారి కొత్త టాప్ కోట్ వేస్తే లోపలిదాకా పోదు. తెలుపు, లేత గులాబీలు వంటచేతికి కష్టం. ఇటుక రంగు, తేనె రంగు, ముదురు గులాబీ అయితే మరక కనిపించదు. కింద ఉన్న పచ్చ బహుశా మీరు అంతకుముందు బేస్ కోట్ లేకుండా వేసిన ఎరుపుది. నిమ్మ మానేయండి, గోరు పొడిబారడం తప్ప లాభం లేదు. గోరు పెరిగే కొద్దీ ఆ పచ్చ దానంతటదే పోతుంది. చేతిగోరు మొదలు నుంచి కొస దాకా కొత్తది రావడానికి సుమారు ఆరు నెలలు. పచ్చదనంతో పాటు గోరు దళసరెక్కినా, పొడిలా రాలినా, కింది చర్మం నుంచి విడిపోతున్నా అది రంగు మరక కాదు. డాక్టరుకు చూపించండి, దాని మీద పాలిష్ వేయకండి, ఆ ఫైలర్ ఇంకొకరికి ఇవ్వకండి.

ప్రశ్న: గోళ్లకు ఊపిరాడాలి, నెలకో వారం రంగు లేకుండా ఉంచాలంటారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, బల్లార్షా

జవాబు: గోరు ఊపిరి పీల్చదు, దానికి కావాల్సింది కింది రక్తం నుంచే అందుతుంది. అయితే వారాల తరబడి ఒకే పూత ఉంచి, తర్వాత గట్టిగా గీరి తీసేవాళ్ల గోళ్ల మీద సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు వస్తాయి. అవి కనిపిస్తే మాత్రం పోయేదాకా రంగు వేయకండి. ఆపరేషనుకో, ఆసుపత్రిలో చేరడానికో వెళ్లేముందు కూడా రంగు తీసేయండి. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం గోటి గుండా కాంతి పంపి కొలుస్తుంది, ముదురు రంగులు దానికి అడ్డు రావచ్చు.

ప్రశ్న: గోరు పక్క నుంచి సగం దాకా చీలింది. ఎల్లుండి పెళ్లికి వెళ్లాలి. కత్తిరిస్తే రక్తం వచ్చేంత లోపలికి ఉంది. రంగుతో కప్పేయనా?
— ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: రంగు ఒక్కటే వేస్తే దుపట్టాకు తగులుకుని ఇంకా చీలుతుంది. వాడని టీ బ్యాగ్ ఒకటి చింపి, పొడి పారబోసి, ఆ కాగితంలోంచి చీలిక మీద అటూ ఇటూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చేంత ముక్క కత్తిరించండి. గోరు కడిగి, ఆరబెట్టి, రిమూవరుతో తుడవండి. చీలిక మీద నెయిల్ గ్లూ ఒక్క చుక్క, దాని మీద పుల్లతో కాగితం పరచండి, వేలితో నొక్కకండి. ఆరాక కాగితం మీద మరో పలచటి పూత గ్లూ. పది నిమిషాలు ఆగి, 240 ఫైలరుతో కాగితం అంచులు గోటిలో కలిసిపోయేలా నునుపు చేసి, అప్పుడు బేస్ కోట్, రంగు, టాప్ కోట్. రక్తం కారుతున్నా, చీలిక కింద పచ్చి పుండు ఉన్నా గ్లూ వద్దు, శుభ్రంగా కట్టు కట్టుకుని వెళ్లండి. రంగు తీసేటప్పుడు అసిటోన్ లేని రిమూవర్ వాడితే అతుకు ఇంకొన్నాళ్లు ఉంటుంది. అసిటోన్‌కి గ్లూ కరుగుతుంది. గ్లూ ఒలికితే దూదితో తుడవకండి. ఆ జిగురూ దూదీ కలిస్తే ఒక్కసారిగా వేడి పుట్టి చర్మం కాలుతుంది.